ఎర్ర తీగ

రాజాంలో జూట్ మిల్లు గోడవతల
ఏడేళ్లుగా నిలబడిపోయిన మా స్వరాజ్ మజ్దా
తలుపు లాగితే రాలేదు.
దాలయ్య బందులకి కిరసనాయిలు పోసి
బీడీ ముట్టించి
"తొందరపడకప్పా, నిద్ర చాలనట్టుంది" అన్నాడు.

లోపల మడతమంచం కింద
మా టికెట్టు పుస్తకాలు కొరికి
ఎలుక పరుపేసుకుంది.
మరణబావి. పెద్దలకు ఇరవై, పిల్లలకు పది.
ఆ గులాబీ ముక్కల్లో
కళ్లు తెరవని కూనలు ఆరు.
చేటకెత్తి గోడ పక్కన పెట్టాను,
తల్లి వెతుక్కోకపోదు.

పొగగొట్టంలో కుమ్మరిపురుగు కట్టిన మట్టి.
బ్యాటరీ కొసల మీద పచ్చటి ఉప్పు,
మరిగిన నీళ్లు పోస్తే బుసబుసమంది.
నీళ్ల ట్యాంకు బ్లీచింగుతో మూడుసార్లు కడిగాను,
ఇంకా నాగావళి నాచు వాసనే.
గ్యాసు గొట్టానికి సబ్బు నురగ పూసి
చూస్తూ కూర్చున్నాను.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత ఒక్క బుడగ,
ఆవగింజంత.
గొట్టం మార్చాను. నూట తొంభై.

గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఆయన.
టెక్కలిలో బావి అంచున
గొలుసు తెగిన రాత్రి నుంచీ
బండి వైపు చూడరు, కొంగల్ని చూస్తారు.
బావి పలకలు అప్పుడే అమ్మేశాం,
మేకలదొడ్డికి మంచి గోడలయ్యాయట.
ఈసారి గాలితుపాకీ, ఓ చెక్క, రెండు గ్రోసుల బుడగలు.
లైసెన్సు నాది.
హెచ్ అక్షరం వెనక్కి నడపమన్నారు,
రెండోసారికి వచ్చింది.
ఆయనకి చెప్పాను.
కొంగ ఎగిరిపోయింది, అన్నారు.

డీజిలు గొట్టాల్లో గాలి.
బొడిపె నొక్కుతూ దాలయ్య
వంద లెక్కపెట్టి, తప్పి, మళ్లీ మొదలెట్టాడు.
నురగ ఆగి నిండు చుక్క జారాక
కీ తిప్పాను.

ఇంజను కాదు, హారన్ లేచింది.
ఆగదు.
చెట్టు మీది కాకులన్నీ లేచాయి.
షిఫ్టు అయిపోయిందనుకుని
మిల్లు గేటులో ఇద్దరు
క్యారేజీలు పట్టుకుని బయటికొచ్చేశారు.
దాలయ్య ఒక తీగ పట్టుకుంటాడు, వదులుతాడు,
ఇంకోటి పట్టుకుంటాడు.

"ఎర్రది! ఎర్ర తీగ పీకెయ్యే, బేగి!"

బండి గురించి ఆయన నోట
ఏడేళ్లకి అది మొదటి మాట.

పీకేశాను.
ఆ నిశ్శబ్దంలో
ఇంజను రెండుసార్లు దగ్గి
నల్లగా ఇంత పొగ కక్కి
అందుకుంది.

మూరెడు ముందుకి కదిపాను.
చక్రాలున్న చోట
నాలుగు తెల్లటి మచ్చలు,
ఎండ ఎరగని గడ్డి, నత్తగుల్లలు.
ఆయన కర్రతో ఒక మచ్చని గీకి చూసి
"బుడగలేటి, బుడగలు" అని గొణిగి
టైర్లలో గాలెంతుందో అడిగారు.

రాత్రి బండిలోనే పడుకుంటానన్నారు.
మెట్టు అందక సున్నం డబ్బా బోర్లించాం.
మంచం మడత సగమే తెరుచుకుంది,
ఒకరి కాళ్లు ఒకరి మీద.

శంబర జాతరకి ఇంకా పదహారు రోజులు.
హారన్ లేదు.
వైపరు ఒకటే ఆడుతోంది,
నా వైపుది.