ఆరున్నర

శనివారం సాయంత్రం. మినెసోటా ఉత్తరపు అంచు.
ఇనుము తవ్వి తవ్వి ఎర్రబడ్డ ఊళ్లో
ఐలీ హక్కలా పెరట్లో ఆవిరిగది పొయ్యి రాజుకుంటోంది.
పెళ్లయి వచ్చినప్పట్నించీ ఒకటే పద్ధతి:
ఆరింటికి మగవాళ్లు, ఏడింటికి ఆడవాళ్లు.
గోడకి రెండు కొక్కేలు.

ఎమ్రీకి పదహారు.
కొత్తగా కత్తిరించిన జుట్టు మెడమీద ఇంకా గుచ్చుకుంటోంది.
భుజాన తువ్వాలు, మంచులో రెండు కాళ్లు,
ఏ గంటకీ కదలని కాళ్లు.

ఇక్కడ నా తెలుగు తడబడుతుంది.
వచ్చాడు అందామా, కాదు.
వచ్చింది అందామా,
వానా వచ్చింది, పిల్లీ వచ్చింది, కరెంటు బిల్లూ వచ్చింది,
ఆడమనిషినీ ఆ గాటనే కట్టేసిన క్రియ అది.
వచ్చారు అంటే లేని పెద్దరికం అంటగట్టినట్టు.
ఒకటి మాత్రం ఇన్నేళ్లకి గమనించాను:
నేను వచ్చాను. ఇందులో ఒంటి గురించి ఆరా లేదు.
నువ్వు వచ్చావు. ఇందులోనూ లేదు.
పక్కకి తిరిగి మూడోవాళ్లతో చెప్పేటప్పుడే
మాటకి తోక మొలుస్తుంది.

వంటింటి కిటికీలోంచి చూస్తోంది లినెట్, కన్నతల్లి.
తొంభైమూడులో ఈమెకి ఇరవై.
పల్చటి గౌను కింద సిపాయి బూట్లు,
పెదాలకి నల్లద్రాక్ష రంగు,
వీధిలో తనని తిట్టిన మాటనే
మార్కరుతో పొట్టమీద తనే రాసుకుని
డలూత్‌లో ఓ నేలమాళిగలో
తీగలు తెగేదాకా గిటారు వాయించింది.
రాత్రి డ్యూటీ గుమాస్తా కన్నుగప్పి
జెరాక్సు తీసిన పద్నాలుగు పేజీల పత్రిక, పేరు 'తుప్పు'.
నాలుగు సంచికలు.
ఐదోదానికి స్టేపుల్ పిన్నులు అయిపోయాయి.

అప్పుడు ఐలీ కొట్టినంత పని చేసింది.
"గనిలో లారీ తోలడానికెళ్లిన మొదటి వారం
నా క్యారేజీలో గ్రీజు పోశారు.
ఆడదాన్నని వాళ్లకి గుర్తు రాకూడదని
ఏడేళ్లు అద్దం చూసుకోలేదు.
నువ్వేమో డబ్బిచ్చి కొని పూసుకొస్తావా?"
"నా మూతి, నా రంగు" అంది లినెట్.
ఆ చలికాలమంతా ఒకరు కాచిన సూపు ఒకరు ముట్టలేదు.

ఇప్పుడు లినెట్ గొంతులో ఏదో అడ్డం.
'అమ్మాయి' అన్న మాటని
నలుగురి నోళ్లలోంచి ఊడబెరికి, కడిగి, పదును పెట్టి
నీకోసమే కదా దాచాను,
నువ్వు దాన్ని బల్లమీద పెట్టేసి
'ఇది నా కొలత కాదమ్మా' అంటే
నేనెక్కడ పెట్టుకోను?
ఇదంతా పైకి అనలేదు.
కడిగిన గిన్నే మళ్లీ కడిగింది.
పైకి అన్నదల్లా:
"అమ్మమ్మకి చెప్పకు. అర్థం కాదు."

అమ్మమ్మ చెవికి మిషనుంది. అన్నీ వింటుంది.
"మా అమ్మ ఓడలో మోసుకొచ్చిన భాషలో
ఆయనకీ ఆవిడకీ ఒకటే మాట, హ్యాన్.
పాస్టరు గారూ హ్యాన్, పాలమ్మే ముసలిదీ హ్యాన్.
ఎవరు ఏదో తెలియక ఆ ఇంట్లో ఎవరూ చావలేదు.
బళ్లోనే దెబ్బలు తిన్నాను,
ఇంగ్లీషులో మా టీచరమ్మని 'అతను' అన్నందుకు."
కాసేపాగి,
"గనిలో నాకూ గది లేదు.
బాయిలరు వెనక బట్టలు మార్చుకునేదాన్ని.
ఆ నిలబడటం నాకు తెలుసు."

గడియారం వైపు చూసింది.
"ఆరున్నర ఖాళీయే కదా."
సుత్తి, ఓ కొక్కెం, ఇంటి చెప్పుల్తోనే మంచులోకి.
ఎనభై ఏళ్ల చెయ్యి. కొక్కెం వంకరగా దిగింది.

లోపల్నుంచి కేక:
"అమ్మమ్మా, రాళ్లమీద నీళ్లు చల్లనా?"
"చల్లు. పిసినారితనం చెయ్యకు."

కిటికీ దగ్గర లినెట్
పెదాలు విప్పి ఆ మాట పలికి చూసింది.
నోరు తిరగలేదు. మళ్లీ అంది.
ఏ డ్రాయర్లో ఉందో తన తువ్వాలు,
వెతుకుతోంది.
తనూ రావచ్చా అని
ఇంకా అడగలేదు.