కాగితం మందం సందు

గుంతకల్లులో నా అంగడికి
కాలిన మోటార్లే వస్తాయి.
వజ్రకరూరు నుంచి, పామిడి నుంచి, ఉరవకొండ నుంచి,
ట్రాక్టర్లో, ఆటోలో,
ఒక్కోసారి భుజం మీద గోనెసంచిలో.
నల్లబడిన రాగి వాసన చూసి చెప్తాను
నీళ్లు లేని బోరులో ఎంతసేపు తిరిగి కాలిందో.
వైండింగు మాబున్నీ అంటారు నన్ను.
నాయన నేర్పినాడు.
చుట్ల లెక్క తప్పితే ఒకరి పైరు తప్పుతాదని
మొట్టికాయ వేసి మరీ నేర్పినాడు.

ఆ పొద్దు ఇమ్మానుయేలు సారు తెచ్చింది మోటారు కాదు.
గూడ్సు గార్డుగా రిటైరైన మనిషి,
ఇంకా జేబులో విజిలు పెట్టుకొనే తిరుగుతాడు.
పసిబిడ్డను పండబెట్టినట్ల బల్ల మీద దించినాడు
ఇటుకంత ట్రాన్స్‌ఫార్మరు.
మూతబడిన టాకీసు తుక్కులో
ఇనుము తూకానికి కొన్నాడంట ఎప్పుడో
వాల్వుల ఆంప్లిఫయరు. పోయినేడు ఇది కాలిందంట.
బొంబాయిలో చుట్టిస్తే రెండు నెలల పెన్షనంట.

"మూడువేల రెండొందల చుట్లు, మాబున్నీ.
పొరకూ పొరకూ నడుమ కాగితం.
రేకులు పేర్చేటప్పుడు మళ్ల
ఒక కాగితం మందం సందు వదలల్ల."

నవ్వినాను.
సందు ఉంటే పని చెడినట్టే, మా నాయన లెక్కలో.
"సందు లేకుంటే పాట రేకుల్లో ఇరుక్కపోతాది"
అన్నాడాయన, సిగ్నలు చూసినంత నిదానంగా.

పదకొండు రాత్రులు.
వెంట్రుక కన్నా రవ్వంత లావు తీగ,
చెయ్యి ఉలిక్కిపడితే తెగుతాది.
వెయ్యిన్ని నూటా నలభై దగ్గర ఎవరో వాకిట్లో
"అక్కా, స్టార్టరు చూస్తావా?" అంటే
లెక్క పోయింది. అంతా విప్పి, మళ్లీ ఒకటి.

ఆదివారం ప్యాసింజరుకు
ఆదోని నుంచి ఉరుకుందప్ప దిగినాడు. పత్తి దలాలీ.
ఒళ్లోని టిఫను క్యారియరు ఎవరి చేతికీ ఇయ్యడు.
మూత తీస్తే మూడు గిన్నెల్లోనూ దూదే.
పైగిన్నె నడుమ ఒక్క వాల్వు,
ఇమ్మానుయేలు సారు దగ్గరున్నదానికి జోడీ.
నాకమ్ము అని పదేండ్లు ఈయన,
నువ్వే నాకమ్ము అని పదేండ్లు ఆయన.
ఎవరూ అమ్మలేదు.
ఏటికొకసారి రెండూ పక్కపక్కన వెలగల్లని ఒప్పందం.
"వేళ్లు తగిలించొద్దు మే, చెమట అంటుతాది"
అని నాకు సుద్దులు చెప్పి
వెండి తీగ మేలా రాగి తీగ మేలా అని
ఇద్దరూ టీ చల్లారేదాకా కొట్లాడుకున్నారు.

స్విచ్చి వేసినాక పాట పెట్టలేదు.
"ముందు ఏమీ లేనిది విను" అన్నాడు సారు.
గాజు లోపల ఎరుపు పుట్టింది.
నిప్పుల ఎరుపు కాదు.
మా జేజి ముక్కుపుడక రాయి మీద
బుడ్డిదీపం పడినప్పటి ఎరుపు.

అట్ట పోయి, పేరు చెరిగిపోయిన ప్లేటు.
బళ్లారి పక్క నాటకాలాడిన ఎవరో ఆడమనిషి.
పద్యం తర్వాత.
ముందు ఆమె పీల్చిన గాలి వినపడింది నాకు,
కొంచెం జలుబుతో.
ఎన్నేండ్ల కిందటి జలుబో!

మూడో పాదం రాగంలో ఉండంగా కరెంటు పోయింది.
ఫ్యాను ఆగింది. వీధి ఆగింది.
ఆమె ఆగలేదు. గొంతు కిందికి, ఇంకా కిందికి,
చేదబావిలోకి వదిలిన బొక్కెన మాదిరి
దిగుతా దిగుతా పోయింది.
నీళ్లు తగిలిన చప్పుడు కోసం
ముగ్గురం చెవులొగ్గి కూర్చున్నాం.
ఎరుపు ఎప్పుడు ఆరిందో ఎవరమూ చూడలేదు.

బిల్లు రాసినాను.
రాగి ఇంత, వార్నీషు ఇంత, కాగితం ఇంత.
సందుకు ఎంత రాయల్లో తోచక
సారు మొగం చూసినాను. ఆయన కండ్లద్దాలు తుడుచుకుంటా
"అది ఉరుకుందప్ప ఇస్తాడులే" అన్నాడు.
ఉరుకుందప్ప అప్పటికే దూదిలో వాల్వు సర్దుకుంటాండాడు.

తెల్లారి వజ్రకరూరు మోటారు.
"ఐదొందల నలభై అడుగులక్కా,
ఇంకా దించల్లంటాండారు. ఎన్ని దినాలు పడ్తాది?"
అంటాండాడు ఆ పిల్లగాడు, గడప మీద కూర్చోని.
ఉండుమని చెయ్యి చూపినాను.
నూటా పదహారు దగ్గర ఉండాను.