ఇది ఎవరి సంగతి బిడ్డా

పరకాల తాసీలు ఆఫీసు ముందర
రేకుల నీడల మా బల్ల.
అర్జీకి ఇరవై రూపాయలు.
లతీఫ్ సాబ్ దగ్గర కుదిరిన కొత్తల్ల
నాకు పెద్ద పెద్ద మాటలంటే మోజు.

మిరపతోట ఎండిందని ఓదెమ్మ వచ్చింది.
"బోరు దగ్గింది సారూ,
దగ్గి దగ్గి గాలే కక్కింది" అన్నది.
నేను రాసిన:
"భూగర్భ జలములు అడుగంటిన దృష్ట్యా
తమరి దివ్యసముఖమునకు విన్నవించునదేమనగా..."

చదివి వినిపిస్తే
కొంగుతో మెడ తుడుసుకుంట
మర్యాదగనే అడిగింది:
"మంచిగున్నది.
ఇది ఎవరి సంగతి బిడ్డా?"

లతీఫ్ సాబ్ నవ్వలే.
నా కాగితం నాలుగు మడతలేసి
బల్ల కుంటికాలు కింద పెట్టిండు.
ఊగుడు ఆగింది.
"గిప్పుడు పనికొచ్చింది" అన్నడు.

మళ్ల రాసిన.
దగ్గిన బోరు దగ్గినట్టే.
కిటికీలకెల్లి చూస్తున్న:
"గాలే కక్కింది" కాడ
గుమాస్తా చదువుడు ఆపి తలెత్తిండు.
వాళ్ల నాయిన బోరు యాదికొచ్చిందో,
చాయ్ కోసమో. తెలువదు.

పైసలొచ్చినయో లేదో అదీ తెలువదు.
ఓదెమ్మ మళ్ల రాలే.

ఇప్పటికీ ఏది రాసినా
సంతకానికి ముందు
ఒక్కసారి వంగి
బల్ల కిందికి చూస్త.