అరువు మన్ను

మలాకీ పోయిన పదో రోజున
అతని చెల్లెలు అట్రాక్టా
బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి నా మందుల బల్ల మీద పెట్టింది.
మూత మీద గుర్రబ్బండి, చక్రాలకు నిజం తుప్పు.
బయట ఐర్లండు వాన,
పడుతోందో లేదో తేల్చుకోని వాన.
"పారేద్దామనుకున్నా. నువ్వు తిడతావని తెచ్చా."

సగం చిరిగిన రేకులు,
తెల్ల బిళ్లలు, ఎరుపూ పసుపూ గొట్టాలు,
ఒకదాని మీద ఆవుల డాక్టరు చీటీ.
లెక్కపెట్టాను. లెక్క నా చేతికి పట్టిన జబ్బు.
నలభై మూడు.
ఆరేళ్లలో ఏడు జ్వరాలు,
ఏడుసార్లూ ఒళ్లు తేలికపడగానే మూత పెట్టేశాడు.
"ఉంచుకుంటే మళ్లీ పనికొస్తాయి" అనేవాడు,
చలికాలానికి పీట్ గడ్డలు పేర్చుకున్నట్టే.
పొదుపరి. ఎవరికీ పెన్నీ బాకీ లేడు.

మా నాయనమ్మకి మందుల కొట్టు లేదు.
గుట్ట మీద చర్చి పక్కన ఒక ఫాదరు సమాధి ఉండేది.
పంటినొప్పికీ, చీముపట్టిన మోకాలికీ
అక్కడి మన్ను చెంచాడు.
మోకరిల్లి, అడిగి తీసుకోవాలి.
గుడ్డలో మూటగట్టి తలగడ కింద పెట్టాలి.
ఇంకొకరికి పంచకూడదు.
నాలుగో రోజున, నయమైనా కాకపోయినా,
తీసిన చోటే పోసి రావాలి.
పొయ్యకపోతే? అన్నాను తొమ్మిదేళ్లదాన్ని.
"అరువు ఎగ్గొడితే, పిల్లా,
ఇచ్చినాయన ఊరుకుంటాడేమో, మన్ను ఊరుకోదు."

నవ్వాను. బెల్‌ఫాస్ట్‌లో చదివొచ్చి ఇంకాస్త నవ్వాను.
తర్వాతెప్పుడో యూనివర్సిటీ వాళ్లొచ్చి
ఆ మట్టిని గాజు సీసాల్లో పట్టుకెళ్లారు.
దారాలు దారాలుగా అల్లుకునే ప్రాణి ఒకటుందట అందులో.
వాన తడిపిన నేలకి ఆ వాసన ఇచ్చేది అలాంటివేనట.

మందు అని మనం పేరు పెట్టుకున్నాం గానీ
మట్టిలో అది గట్టు తగాదా.
చిటికెడు మన్నులో కోట్ల కాపురాలు,
కుళ్లిన వేరు ముక్క కోసం కొట్లాటలు.
ఒకరు ఊరించిన రసం
పక్కవాడి ఇంటిగోడని లేవనివ్వదు.
ఆ కొట్లాటలోంచి ఒక కత్తి అడిగి తెచ్చుకున్నాం.
దానికి మనమెవరమో తెలియదు.
గొంతులో దొంగనీ, పేగులో పనివాళ్లనీ
ఒకే వేటుకి నరుకుతుంది.
జలుబు దగ్గర మాత్రం చేతకానిదవుతుంది.
జలుబు తెచ్చేదానికి గోడే లేదు, ఏం కూలుస్తుంది?
ఈ మాట ఈ బల్ల వెనకనుంచి వెయ్యిసార్లు చెప్పాను.
ముక్కు చీదుకుంటూ విని
"అయినా ఒక నాలుగివ్వు" అంటారు.

మలాకీకి తగిలింది పార అంచు. చిన్న గాటు.
డబ్బా తెరిచి తనే వైద్యుడయ్యాడు.
రెండు తెల్లవి, మర్నాడు ఒక ఎర్రది, ఆదివారం ఏమీ లేదు.
ఆస్పత్రిలో మూడు మందులు ఎక్కించారు.
అతని నెత్తుట్లో వాటికి
మూడూ తెలిసిన మొహాలే.
సగం దెబ్బ తిని బతికినవి
ఆ దెబ్బ కాచుకోవడం పిల్లలకు నేర్పుతాయి,
దారినపోయేవాటికీ నేర్పుతాయి.
అవి ఈ డబ్బాలో చదువుకున్నవో,
ఎవరి ఇంటి సొరుగులో చదువుకుని వచ్చినవో
నేను ప్రమాణం చేసి చెప్పలేను.

"వీటినేం చేస్తావు?"
కాల్చడానికి పంపుతాను.
"కాలవలో పోస్తే పోదా?"
పోదు. కాలవ అడుగునా బురద ఉంది. అదీ నేర్చుకుంటుంది.

అట్రాక్టా కాసేపు నిలబడింది.
కోటు లోపలినుంచి ఒక గుడ్డ మూట తీసింది,
పిడికెడు కూడా లేదు.
"ఆస్పత్రిలో వాడి తలగడ కింద పెట్టా.
నాలుగు రోజులు దాటిపోయాయి.
ఇప్పుడు తీసుకుంటుందా?"

ఏ పుస్తకంలోనూ నాకు చెప్పని ప్రశ్న అది.
కొట్టుకి తాళం వేశాను.
గుట్ట ఎక్కేసరికి వాన నిజంగానే పడింది.
మూట విప్పి దులిపాం.
ఆ వాసన లేచింది.
అట్రాక్టా చెంచా కూడా తెచ్చింది.
గడ్డికి తుడిచి జేబులో వేసుకుంది.