అక్రోటు చిప్పలు

గరాటు మూతికి వేలు అడ్డం పెట్టు, ఎవారిస్తో.
గ్లవ్ తీయకు. ఇది బురదే గానీ
కాలవ గట్టున నువ్వు ఆడుకున్న బురద కాదు,
కాస్టిక్ కలిసింది, చెప్పాపెట్టకుండా తోలు ఒలుస్తుంది.
జాలీ దాకా నింపు.
ఇప్పుడు వేలు తీసి గడియారం నొక్కు.

మంచినీళ్ళయితే ఇరవై ఆరు సెకన్లు.
ఎవరు పోసినా అంతే,
నీళ్ళకి దాచుకునేదేమీ లేదు.
మన బురదకి యాభై ఎనిమిది.
ఆ పైనున్న ముప్పై రెండు సెకన్లకే
కంపెనీ నాకు జీతమిస్తోంది.

పలచనైతే
కింద పడుకున్న గ్యాసు లేచి కూర్చుంటుంది.
బరువెక్కితే
బండ పగిలి మొత్తం తాగేస్తుంది.
రెంటికీ మధ్య మనకున్న సందు
ఈ అన్యేలోలో జీతానికీ ఇంటద్దెకీ మధ్య ఉన్నంత.

బెరైట్ మూటలు విప్పే మిల్సియాదెస్‌ని చూశావుగా,
కనుబొమలు ముసలాడిలా తెల్లగా ఉంటాయి.
ఇంకా నలభై నిండలేదు.
"రాయిని పిండి చేసి రాతి మీదికే తోలుతున్నాం" అంటాడు,
అని దగ్గుతాడు.

ఆగు. ఫోను.
కిలపాన్, డ్రిల్లర్ గదిలోంచి:
"పోయింది పోయినట్టే ఉంది, పైకి రావట్లేదు."
ట్యాంకులో మట్టం చూడు,
ఎవరో అడుగున బిరడా లాగినట్టు.
గంటకి ఇరవై ఘనపు మీటర్లు.
రెండువేల మూడువందల మీటర్ల లోతున ఎక్కడో
ఒక బీట,
ఎంత పోసినా "ఊఁ" అనని నోరు.

పరిగెత్తకు. ఈ పతగోనియా గాలిలో పరిగెత్తినవాడు
తన హెల్మెట్ వెనకే పరిగెత్తాలి.
షేకర్ తెరలు తీయించు.
ఆ మూల మూటలు కొయ్యి:
సన్నవి, ముతకవి, వాటి నడిమివి.
వాసన చూడు ముందు.
అవును. అక్రోటు చిప్పలే.

నవ్వకు.
చోయెలె చోయెల్‌లో, నది పాయల మధ్య,
మా పెద్దమ్మ రొసౌరా షెడ్డులో
తొమ్మిదో ఏట నుంచి పదహారో ఏట దాకా
సుత్తితో ఇవి కొట్టాను.
పప్పు తూకానికే డబ్బు,
విరిగిన పప్పుకి సగం.
బళ్ళో పంతులమ్మ చేతులు కడుక్కురమ్మని పంపేది,
మూడుసార్లు కడిగినా అదే నలుపు.
పైతొక్క రసం మరి, గోళ్ళతోపాటే పెరిగి పోవాలి.
జూన్ చలికి చిప్పలు పొయ్యిలో పోసేవాళ్ళం,
చిటపటలాడేవి,
పిల్లలం ఒకరి కాళ్ళ మీద ఒకరం నిద్రపోయేవాళ్ళం.
"చిప్పకి ఎవడిస్తాడే డబ్బు" అనేది పెద్దమ్మ.
ఇదిగో పెద్దమ్మా,
మూట మీద ధర,
డాలర్లలో.

పొయ్యి, నెమ్మదిగా.
ముందు ముతకవి అడ్డం పడతాయి,
వాటి సందుల్లో నడిమివి,
ఆ సందుల సందుల్లో సన్నపిండి.
జీతాల రోజు బ్యాంకు గుమ్మంలో జనంలా.
పోనివ్వడమే తెలిసిన నోటికి
నమలడానికి ఏదో ఒకటి.

ఇక మన పని లేదు. మాతే తాగు.
చల్లారిందా, చల్లారిందే తాగు.

ఐదున్నర. బల్లపరుపు కొండల మీద
తూర్పు పాలిపోతోంది.
అదిగో, తొట్టిలోకి
బూడిదరంగు దారం ఒకటి,
తెగింది, మళ్ళీ వచ్చింది,
ఇప్పుడు తాడు, ఇప్పుడు నా చెయ్యంత.
దాంతోపాటు గోరంత నల్లరాతి ముక్కలు,
మనుషుల్ని ఎరగని సముద్రపు అడుగు.
నాలుక మీద పెట్టుకోకు. నేను పెట్టుకున్నానొకసారి.
డీజిల్ రుచి తప్ప ఇంకేమీ లేదు.

ఏమన్నావు?
ఈ బురదంతా తర్వాత ఎక్కడికా?
లారీల్లో, ఊరవతలి గుంటలకి.
గాలి మళ్ళిన రోజు
ఆడవాళ్ళు తీగల మీది బట్టలు గబగబా లాగేసుకుంటారు.
ఎంత, ఎన్నాళ్ళు అని అడిగితే నా దగ్గర అంకె లేదు.
దాన్ని కొలిచే గరాటు
నాకెవరూ ఇవ్వలేదు.
అడగలేదు కూడా, నిజం చెప్పాలంటే.

ఇటు చూడు, ఒక చిప్ప ముక్క,
అంత కిందికెళ్ళి
అంచు కూడా అరగకుండా తిరిగొచ్చింది.
జేబులో వేసుకుంటాను, ఎవరికీ చెప్పకు.

సరే, వేలు పెట్టు మళ్ళీ.
అరవై మూడు.
చిక్కబడింది. రాసుకో,
టైముతో సహా.