తలుపుల్లేని ఇల్లు

మా మెట్లకి ఒకటే బల్బు.
దాని బిల్లు ఐదు వాటాలా, నాలుగా అని
ఈ సాయంత్రం కూడా వింకో గొడవ పెట్టుకున్నాడు.
జుమ్రా ఇల్లు ఖాళీయే కదా,
ఆ వాటా ఎవరి నెత్తిన, అని.
డెబ్బై తొమ్మిదేళ్లు.
ఎంగిలి చేత్తో కాకిని తోలడు.
యుద్ధానికి ముందూ అంతే,
పిల్లల పుట్టినరోజుకి చాక్లెట్టు కొని
కత్తితో రెండు ముక్కలు చేసి
సగం వచ్చే ఏడాదికి దాచేవాడు.

మధ్యలో మాత్రం, దాదాపు నాలుగేళ్లు,
ఆ చొక్కాలో వేరే ఎవరో ఉన్నారు.

సరయెవో చుట్టూ కొండలు,
చిన్నప్పుడు మేం మంచులో జారి ఆడుకున్నవి.
ఆ శీతాకాలం వాటి మీంచి
ఫిరంగులు మా వంటింట్లోకి తొంగిచూసేవి.
వీధిలో చెట్లు అయిపోయాయి. ఇంట్లో కుర్చీలు అయిపోయాయి.
నేను బూట్లు కాల్చాను.
రెండ్రోజులు చిక్కుళ్లు రబ్బరు వాసనేశాయి.

కింది అంతస్తు ఫిక్రెతాకి
నెలలు నిండకుండా నొప్పులొచ్చిన రాత్రి
వింకో తన పడకగది తలుపు ఊడదీసి
గొడ్డలితో చీల్చి
పొయ్యి ముందు గుట్ట పోశాడు.
"ఓక్ కొయ్య. నెమ్మదిగా కాలుతుంది.
దుబారా చెయ్యకండి" అన్నాడు.
మరుసటి వారం వంటింటి తలుపు.
ఆ తర్వాత స్నానాలగదిది.
దానికి మాత్రం అందరం నవ్వాం, అతనూ నవ్వాడు.

రెఫిక్ మాస్టారు నోట్లో నాలుక లేని మనిషి.
మాకు లెక్కలు చెప్పేవాడు.
కాపీ కొట్టిన పిల్లాడికన్నా ముందు
తనే సిగ్గుపడేవాడు.
ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున
చూపులేని జుమ్రా గుమ్మం దగ్గరి నీళ్ల డబ్బా
రెండు చేతులా ఎత్తుకుని
మెట్లెక్కిపోయాడు.
పిల్లిలా కాదు,
దగ్గుతూ.

ఆ నీళ్ల కోసం ఆమె మనవడు
తుపాకులు గురిపెట్టిన వంతెన దాటాడు, వెళ్లేటప్పుడొకసారి,
బరువుతో వచ్చేటప్పుడొకసారి.

తలుపు సందులోంచి నేను చూశాను.
నోరు తెరవలేదు.
నా డబ్బా లోపలే ఉంది అనుకున్నాను.
అనుకోవడం కూడా కాదు,
చెయ్యి దానంతటదే వెనక్కి పోయి
మూత తడిమి చూసుకుంది.

"గాలికి దొర్లిపోయుంటుంది" అంది జుమ్రా.
ఇరవై లీటర్లు నిండిన డబ్బా.
ఆకు కదలని రోజు.
ఆమెకి అడుగుల చప్పుడు తెలుసు, దగ్గు తెలుసు.
నా గొళ్లెం మెల్లగా పడిన చప్పుడు కూడా
తెలిసే ఉంటుంది.

ఏటా సంస్మరణ సభలో ఒకాయన
యుద్ధం మనిషిని పుటం పెడుతుందంటాడు.
కాదు, మృగాన్ని చేస్తుందని ఇంకొకాయన.
నేను వెనక వరసలో
కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను.

మాస్టారికి ఎనభై దాటాయి.
ట్రామ్ స్టాపులో కనిపిస్తే
యాపిల్ తొక్కతీసి సగం నాకిస్తాడు.
గింజల దాకా తింటాం ఇద్దరం,
మాట్లాడుకోం.

రాత్రి జుమ్రా వాటా నేను కడతానని
వింకో దగ్గరికెళ్లాను.
"లెక్క లెక్కే" అన్నాడు, తీసుకున్నాడు,
చిల్లర ఎంచి వెనక్కిచ్చాడు.
అతని భుజం మీంచి ఇల్లంతా ఒకేసారి కనిపించింది.
పడకగది, వంటిల్లు,
స్నానాలగదికి వేలాడుతున్న వెలిసిన పూల గుడ్డ.
ముప్పై ఏళ్లయింది, తలుపులు పెట్టించుకోలేదేం అంటే
"కొయ్య ధర చూశావా?" అని కసిరాడు.

నేను కిందికి దిగేదాకా
బల్బు మాత్రం ఆర్పలేదు.