గోగునార వల

మా కోర్టు రింగుకి నైలాన్ వల ఎప్పుడూ లేదు.
నెల్లిమర్ల మిల్లులో షిఫ్టు దిగి
పైడిరాజు వాళ్ళమ్మ పేనిన గోగునారే.
ఇప్పటికీ ఏడాదికోసారి తనే మారుస్తాది.
వానొస్తే ఉబ్బిపోయి
బంతిని దిగనిచ్చేది కాదు,
చంక దిగనని మారాం చేసే పిల్లాడిలా అక్కడే.
కర్రతో పొడిచేవాణ్ణి.

ఇప్పుడు వాడికి బెంగళూరు జట్టు జీతమిస్తంది.
ఇరవై ఏళ్ళు, ఆరడుగుల ఏడంగుళాలు.
"ఎంత దూరం ఎల్తాడు మేష్టారూ?"
కోట దగ్గర టీ కొట్టులో రోజూ ఇదే.

ఏటి చెప్పను?
ఎడం చెయ్యి ఇంకా వాడిది కాలేదు.
అలిసిపోతే మోకాలు వంచడు.
ఫ్రీ త్రోలు పదికి ఆరు.
కానీ మొన్న ఫోన్లో ఆట చూశాను:
ముగ్గురు మీదపడితే
బంతి విసిరెయ్యలేదు, దాచుకోలేదు.
ఓ రెప్పపాటు ఆగాడు,
మూలనున్నోడికి దారి దొరికేదాకా.

ఆ ఆగడం నేను నేర్పింది కాదు.

సెలవుకొచ్చి నిన్న సాయంత్రం కోర్టుకొచ్చాడు.
చినుకులు.
ఎడం చేత్తో వేశాడు.
తడి వలలో ఇరుక్కుంది బంతి.
అలవాటుగా కర్ర కోసం లేచాను.
"ఉండండి మేష్టారూ,
అదే దిగతాది."

తలెత్తుకుని ఇద్దరం
తడుస్తా నిల్చున్నాం.